పాత్రల వెంట నడచిన పాట
‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చిత్రములలో వాద్యసంగీతము

శ్రవ్యకావ్యమును దృశ్యకావ్యముగా మార్చువానికి ఎదురగు మొదటి చిక్కు పాత్రలను గూర్చినది కాదు. సన్నివేశములను గూర్చినదియు కాదు. కథ చెప్పువాని కంఠమును ఏమి చేయవలెనన్నదే ఆ చిక్కు. గ్రంథములో కవి పాఠకుని చేయి పట్టుకొని నడపించును. ఈ కొండ మీద పూర్వమొక రాజధాని యుండెడిదని ఒక వాక్యములో చెప్పును. ఈ మనుష్యుడు పైకి నవ్వుచున్నను లోలోన బెదరుచున్నాడని మరియొక వాక్యములో చెప్పును. వెండితెర మీద ఆ కంఠము వినరాదు. కొండ కనబడును, మనుష్యుడు కనబడును. ఆ రెంటి నడుమ కవి పలికిన పలుకు మాత్రము మాయమగును. దానిని తిరిగి ఎవరిచేత పలికింపవలెను?

మన పూర్వులు ఈ ప్రశ్నకు సంగీతముతో సమాధానము చెప్పిరి. నాట్యశాస్త్రమున భరతుడు ధ్రువాగానములను ఐదు విధములుగా విభజించెను. పాత్ర ప్రవేశించునపుడు పాడునది ప్రావేశికి. నిష్క్రమించునపుడు పాడునది నైష్క్రామికి. నడచుచున్న రసమును మార్చునది ఆక్షేపికి. కలతపడిన మనస్సును తేర్చునది ప్రాసాదికి. నడుమ ఏర్పడిన వెలితిని పూరించునది ఆంతర. మన యక్షగానములందును, కూచిపూడి కలాపములందును పాత్రకు ప్రవేశ దరువు తప్పదు. సత్యభామ తెర వెనుకనుండి జడ చూపునపుడే ప్రేక్షకునకు ఆమె గర్వము తెలియుచున్నదన్నచో, అందు సగము పని దరువుదే. కావున పాత్రకొక స్వరమును కేటాయించుట మనకు క్రొత్త విద్య కాదు. ఈ విద్యయే దూరదేశమున, వేరొక సంప్రదాయమున, ఎట్టి రూపమున పండినదో చూచుటకు ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చిత్రత్రయము చక్కని ఉదాహరణము.

ఆ గ్రంథకర్త జె. ఆర్. ఆర్. టోల్కీన్ (1892–1973) ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో ప్రాచీనాంగ్లభాషకు ఆచార్యుడు. గ్రంథము 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడెను. న్యూజిలాండు దేశీయుడైన పీటర్ జాక్సన్ దానిని 2001, 2002, 2003 సంవత్సరములలో మూడు చిత్రములుగా విడుదల చేసెను. సంగీతము కూర్చినవాడు 1946లో కెనడా దేశపు టొరొంటో నగరమున జన్మించిన హోవర్డ్ షోర్. లండను ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందము ఆ సంగీతమును వాయించినది. మొదటి, మూడవ చిత్రముల సంగీతమునకు ఆస్కారు పురస్కారములు లభించినవి. మూడవ చిత్రము పదునొకండు విభాగములలో పోటీపడి పదునొకండింటను గెలిచినది.

కథ క్లుప్తముగా ఇది. సర్వలోకమును వశపరచుకొనగల ఒక ఉంగరమును సౌరాన్ అను దుష్టశక్తి పూర్వము తయారుచేసెను. అది చేతులు మారి షైర్ అను పల్లెసీమలో నివసించు ఫ్రోడో అను హాబిట్‌ను చేరినది. హాబిట్లు పొట్టివారు, తిండి యందును తోటల యందును ప్రీతి గలవారు, లోకవ్యవహారములు పట్టనివారు. ఆ ఉంగరమును అది పుట్టిన అగ్నిపర్వతములోనే పారవేయవలెను. ఫ్రోడోకు తోడుగా బయలుదేరిన ఎనమండుగురిలో అతని తోటమాలి శామ్, మాంత్రికుడు గాండాల్ఫ్, రాజవంశీయుడు ఆరగోర్న్, గోండోర్ వీరుడు బోరోమిర్ మొదలగువారు గలరు. ఉంగరమును పోగొట్టుకొని దానికై అలమటించు గొల్లమ్ వారి వెంటబడును.

ఇక సంగీతము మాట. ఒక పాత్రకు గాని, స్థలమునకు గాని, భావమునకు గాని ఒక చిన్న స్వరవరుసను కేటాయించి, కథ నడచినకొలది దానిని పెంచుచు, కుదించుచు, విరిచివేయుచు, మరల అతుకుచు పోవు పద్ధతిని పాశ్చాత్యులు జర్మను మాటతో ‘లైట్‌మోటిఫ్’ అందురు. మనము దానిని సూచక స్వరమని పిలుచుకొందము. ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినది వాగ్నర్ సంగీతరూపకములు; ఆయన ‘నీబెలుంగుని ఉంగరము’ 1876లో జర్మనీ లోని బైరాయిత్‌లో సంపూర్ణముగా ప్రదర్శింపబడెను. షోర్ తన మూడు చిత్రములలో వాడిన సూచక స్వరములు ఎనుబదికి మించినవని లెక్కించినవారు చెప్పుదురు. లెక్క ముఖ్యము కాదు. అవి చేసిన పని ముఖ్యము.

మొట్టమొదట షైర్ స్వరమును చూడుడు. సన్నని తగరపు పిల్లనగ్రోవి మీదను, పల్లెటూరి ఫిడేలు మీదను అది వినబడును. మెట్టుమెట్టుగా పైకెక్కి మరల ఇంటికి తిరిగివచ్చు నడక దానిది. చిన్నపిల్లలు ఒకసారి విని పాడుకొనగలరు. పల్లె విడిచిన పిదప ఈ స్వరము అదే రూపమున తిరిగి రాదు. ఫ్రోడోకు ఇల్లు జ్ఞాపకము వచ్చినపుడు పిల్లనగ్రోవి బదులు క్లారినెట్టు మీద మెల్లగా పలుకును. ఒకచోట ప్రార్థనాగీతము వలె మారును. ఆపదలో సగము పలికి ఆగిపోవును. ఫ్రోడో ఇంటిని తలచుచున్నాడని చెప్పుటకు అచట ఏ పాత్రయు నోరు విప్పనక్కరలేదు. కవి వాక్యము చేయవలసిన పనిని నాలుగు స్వరములు చేయుచున్నవి. కడపటి చిత్రములో రాజపట్టాభిషేకము జరిగిన పిదప, క్రొత్త రాజును ప్రజలందరును ఆ నలుగురు హాబిట్ల ముందు తలవంచునపుడు, ఆ పల్లెపాటయే నిండు వాద్యబృందము మీద మ్రోగును. చిన్నవారు పెద్దవారైరని మాటతో చెప్పినచో ఉపన్యాసమగును. పాటతో చెప్పుటచే హృదయమునకు హత్తుకొన్నది.

దీనికి ఎదురుగా నిలుచునది ఐసెన్‌గార్డ్ స్వరము. మాంత్రికుడైన సారుమాన్ అడవులు నరికి, భూమి త్రవ్వి, కొలుములు పెట్టి సైన్యమును తయారుచేయు స్థలమది. అచట దాగలి మీద సమ్మెట దెబ్బ వంటి లోహధ్వని నడచును. ఆవృత్తమునకు ఐదు దెబ్బలు. ‘తకతకిట’ అని ఖండగతి పలికిన మన సంగీత విద్యార్థికి ఐదు వింత కాదు. కాని మూడింటికిని నాలుగింటికిని అలవాటుపడిన పాశ్చాత్య శ్రోత చెవికి ఆ ఐదు కుంటుచు ముందుకురుకు యంత్రము వలె తోచును. టోల్కీన్ బాల్యములో 1896 మొదలు సుమారు నాలుగేండ్లు బర్మింగ్‌హాము దాపుననున్న సేర్‌హోల్ అను పల్లెలో పెరిగినవాడు. ఆ పల్లెను నగరము మ్రింగివేయుట చూచినవాడు. చెట్టు మీది ప్రేమ, యంత్రము మీది అనుమానము ఆయన గ్రంథమంతట పరచుకొని యున్నవి. ఆ భావమును పేజీల కొలది వర్ణనతో కాక రెండు లయల వైరముగా చిత్రము చూపినది.

అందొక ఘట్టము మరువరానిది. గాండాల్ఫ్ ఆ శత్రుదుర్గపు శిఖరము మీద బందీయై యుండును. క్రింద కొలుముల రొద. ఇంతలో ఒక చిన్న శలభము ఎగిరివచ్చి అతని చేతికి చిక్కును. ఐదు దెబ్బల మ్రోత అడగిపోయి ఒక్క బాలుని కంఠము నిర్మలముగా వినబడును. ఇది మొదటి చిత్రములోని మాట. ఏడాది పిదప వచ్చిన రెండవ చిత్రములో నడచు వృక్షములు ఆగ్రహించి అదే దుర్గము మీదికి కదలునపుడు, శలభము నాడు వినబడిన రాగమే పెద్ద బృందగానమై తిరిగి వచ్చును. రెండు సన్నివేశములకును కథలో సూటియైన సంబంధము లేదు. సంగీతము మాత్రము ఆనాటి పురుగును ఈనాటి మహావృక్షమును ఒకే ప్రకృతి పంపిన దూతలని చెప్పకయే చెప్పినది. మన ఆలంకారికులు దీనినే ధ్వని యందురు.

మైత్రీబృందపు స్వరము నడచిన తీరు పాత్రచిత్రణమునకే పాఠము. ఫ్రోడో, శామ్ ఇద్దరే ఇల్లు వదలునపుడు అందొక ముక్క మాత్రము వినబడును. తోడువచ్చువారు పెరిగినకొలది ముక్కలు పెరుగును. రివెండెల్ సభలో తొమ్మండుగురును ఒక్కటైనపుడు ఇత్తడి వాద్యముల మీద ఆ స్వరము సంపూర్ణమగును. మోరియా గనులలో గాండాల్ఫ్ అగాధమున పడిపోయిన పిదప దాని నడక తడబడును. బోరోమిర్ మరణించి, మిగిలినవారు చెదరిపోయిన పిదప అది మరల తునకలే. బృందము విరిగినదని ప్రేక్షకుని బుద్ధికి తెలియుటకు ముందే చెవికి తెలియును.

బోరోమిర్ పాత్రకు సంగీతము చేసిన న్యాయము ప్రత్యేకముగా చెప్పదగినది. ఉంగరమును లాగుకొనజూచిన ఇతనిని కేవలము ద్రోహిగా భావించుట సులభము. కాని అతడు సభలో తన గోండోర్ దేశపు బాధను చెప్పుకొనునపుడు ఒంటరి కొమ్ముబూర మీద ఆ దేశపు స్వరము తొలిసారి వినబడును. అతని లోపము వెనుక స్వార్థము కంటె దేశభక్తి హెచ్చని ఆ బూర సాక్ష్యము చెప్పును. మూడవ చిత్రములో కొండ తరువాత కొండ మీద సహాయార్థము దివిటీలు వెలుగునపుడు ఆ స్వరమే నింగికెగయును. అప్పటికి బోరోమిర్ లేడు. అతడు ఏ దేశమునకై తప్పు చేసెనో ఆ దేశము మాత్రము కనబడుచున్నది.

భాష విషయము తెలుగు విద్యార్థులకు మరింత ఆసక్తి కలిగించును. టోల్కీన్ కథ కొరకు భాషలు కల్పించినవాడు కాడు. భాషలు కల్పించి, వానిని మాటలాడు జనులకై కథ కల్పించినవాడు. క్వెన్యా, సిండరిన్ అనునవి ఆయన ఎల్ఫ్ జాతికి నిర్మించిన భాషలు. చిత్రములలో బృందగానములకు గీతములు వ్రాయించి, ఆ కల్పిత భాషలలోనికి అనువదింపజేసి పాడించిరి. మరుగుజ్జుల గనులలో వారి భాష, రోహాన్ రాజ్యమున ప్రాచీనాంగ్లము వినబడును. శ్రోతకు ఒక్క మాటయు అర్థము కాదు. అయినను ఇది అర్థరహితమైన ఊళ కాదనియు, వెనుకనొక వ్యాకరణము, ఒక జాతి, ఒక చరిత్ర గలవనియు చెవి గ్రహించును. అర్థము తెలియకయే మంత్రోచ్చారణమునకు తలవంచు మనవారికి ఈ శబ్దప్రభావమును వేరుగ బోధింపనక్కరలేదు.

వాద్యముల ఎంపికలో మనకు చుట్టరికమును కలదు. రోహాన్ స్వరమును పలికినది నార్వే దేశపు హార్డాంగర్ ఫిడేలు. దానికి పై తంత్రుల క్రింద మీటకయే అనురణించు తంత్రులు మరికొన్ని యుండును. మన సితారు తరఫుల వంటివి. లోత్లోరియన్ అను ఎల్ఫ్ వనమున మన సారంగియే వినబడును. ఆ స్వరమునకు ఆధారమైనది అరబ్బుల హిజాజ్. శుద్ధ రిషభము నుండి అంతర గాంధారమునకు దాటు దాని పూర్వాంగము మన పిల్లలు మొదట నేర్చు మాయామాళవగౌళను తలపించును. సౌరాన్ స్వరమును ఊదినది ఉత్తరాఫ్రికాలోని రైతా. అది మన సన్నాయికి దగ్గరి చుట్టము.

ఇచట ఒక ప్రశ్న వేసికొనుట న్యాయము. మనకు పెండ్లిపందిరిని జ్ఞాపకము చేయు ధ్వని వారికి దుష్టశక్తిని సూచించుట ఏల? మనకు తొలిపాఠమైన స్వరసమూహము వారికి అంతుపట్టని మాయావనము అగుటేల? పాశ్చాత్య చిత్రములలో తూర్పు దేశముల ధ్వనులు వింతకును భయమునకును గురుతులగుట పాత అలవాటు. ఈ చిత్రములును ఆ అలవాటునకు పూర్తిగా దూరము కావు. దీనినుండి విద్యార్థి నేర్వవలసినది ఒకటి కలదు. వాద్యమునకు స్వతస్సిద్ధముగా శుభాశుభములు లేవు. వినువాని సంస్కారమే దానికి అర్థమిచ్చును.

ఇంతవరకు చెప్పినవన్నియు ఒక ఎత్తు, గొల్లమ్ పాత్ర ఒక ఎత్తు. ఒకప్పుడు స్మీగోల్ అను పేర హాబిట్ల వంటివాడై యుండి, ఉంగరమోహమున హత్య చేసి, శతాబ్దములు చీకటిలో కుళ్ళినవాడు గొల్లమ్. అతనిని చంపు అవకాశము ఫ్రోడో పినతండ్రి వరుసవాడైన బిల్బోకు చిక్కెను, జాలిపడి విడిచిపెట్టెను. గ్రంథమున గాండాల్ఫ్ ఈ జాలిని గూర్చి ఫ్రోడోతో షైర్‌లోనే, కథారంభముననే మాటలాడును. చిత్రములో ఆ సంభాషణ మోరియా చీకటిలోనికి మార్చబడినది. గొల్లమ్ నీడ దూరముననే కదలుచుండును. ఈ మార్పు మంచిది. కనబడువాని మీద జాలి వేరు, విన్నవాని మీద జాలి వేరు.

గొల్లమ్‌నకు రెండు స్వరములు గలవు. ఒకటి సింబలోమ్ అను హంగేరీ వాద్యము మీద వణకుచు ప్రాకునది. సంతూరు వలె చిన్న కర్రలతో తంత్రులను కొట్టి వాయింతురు. అది అతని కపటము. రెండవది దీర్ఘమైన విషాదస్వరము. అది అతని దైన్యము. రెండవ చిత్రములో స్మీగోల్‌ను గొల్లమ్‌ను ఒక్క దేహములోనే వాదులాడుకొనునపుడు, తెర మీద నటుడొక్కడే అయినను పాత్రలిద్దరు. సంగీతము ఇద్దరికిని చోటిచ్చినది. చుట్టునున్న పాత్రలలో శామ్ అతనిని అసహ్యించుకొనును, ఫారమిర్ మనుష్యులు అతనిని కొట్టుదురు. ఫ్రోడో కూడ అలసిపోవును. వాద్యబృందము మాత్రము అతనిని విడువలేదు. కథ ముగింపులో ఫ్రోడో మనసు చెదరి ఉంగరము తనదే యనును. గొల్లమ్ దానిని వ్రేలితో సహా కొరికి లాగుకొని అగ్నిలో పడును. నాడు చూపిన జాలియే లోకమును రక్షించినది. ఈ ధర్మమును ప్రేక్షకుడు మూడు చిత్రముల పొడవునను మనసులో నిలుపుకొనవలెనన్నచో, ఎవరో ఒకరు జాలిని మరవకుండ కాచియుండవలెను. కాచినది సంగీతము.

మౌనము కూడ సంగీతమున భాగమే. మూడవ చిత్రములో డెనెథోర్ ప్రభువు తన కుమారుడు ఫారమిర్‌ను గెలువరాని యుద్ధమునకు పంపి, తాను భోజనమునకు కూర్చుండి, హాబిట్ అయిన పిప్పిన్‌ను పాడుమనును. అంతవరకు హోరెత్తిన వాద్యబృందము తప్పుకొనును. సన్నని కంఠమొక్కటే మిగులును. దాని రాగము కట్టినది ఆ పాత్రధారి బిల్లీ బాయిడ్. మాటలు గ్రంథములో వేరొకచోట హాబిట్లు దారినడచుచు పాడుకొన్న పాటవి. ఇంటిదారి పాట మృత్యుగీతమైనది. గ్రంథమున ఈ సన్నివేశము ఈ రూపమున లేదు. అయినను గ్రంథహృదయమునకు ఇది పరాయిది కాదు. మూలమునకు విధేయత యనగా అక్షరానువాదము మాత్రమే కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

అట్లని సంగీతము సర్వమును చేయగలదనరాదు. గ్రంథములో ఫారమిర్ ఉంగరము చేజిక్కు అవకాశము వచ్చినను, తన వివేకముచేతనే దానిని కాదనును. చిత్రములో అతడు మొదట ప్రలోభపడి, ఫ్రోడోను బందీగా తీసికొనిపోయి, పిమ్మట మనసు మార్చుకొనును. కథకు ఉద్వేగము హెచ్చినది. ఒక ఉదాత్తపాత్ర తగ్గినది. ఎంత మధురస్వరమును ఆ నష్టమును పూడ్చలేదు. గ్రంథాంతమున హాబిట్లు ఇల్లు చేరునప్పటికి షైర్ కూడ యంత్రముల పాలై పాడుపడి యుండును. దానిని వారే బాగుచేసికొందురు. చిత్రములో ఈ ఘట్టము లేదు. యుద్ధము దూరముననే ముగియదు, ఇంటి గడపకు వచ్చుననునది టోల్కీన్ వాదము. సంగీతము జ్ఞాపకము చేయగలదు, ఓదార్చగలదు, హెచ్చరింపగలదు, వాదింపలేదు. వాదించుటకు వాక్యమే కావలెను.

కావున ఉపాధ్యాయమిత్రులకు ఒక మనవి. పుస్తకము చదువక బొమ్మ చూచిరని పిల్లలను నిందించుటకు మారుగా, చూచిన బొమ్మనే పాఠముగా తీసికొనవచ్చును. షైర్ స్వరము వచ్చు మూడు చోట్లను కన్నులు మూయించి వినిపించుడు. ప్రతిచోటను ఏమి మారినదో వ్రాయింపుడు. తరువాత ఆ ఘట్టములను గ్రంథములో చదివించి, అచట కవి ఏ మాటలతో ఆ పని చేసెనో వెదకింపుడు. అదే కొలతతో మన ‘మాయాబజార్’ (1957) వంటి చిత్రములను గూడ పరీక్షింపవచ్చును. పాత్ర ప్రవేశించునపుడు వాద్యమేమి పలికినదో, పాత్ర మౌనమూనినపుడు ఏమి పలికినదో పిల్లలే కనిపెట్టుదురు. ఈ అభ్యాసము వలన చెవికి వినికిడియు, కంటికి చదువును రెండును పదునెక్కును.

కథ చెప్పువాని కంఠము వెండితెర మీద నశించునని మొదట అంటిమి. నశింపనక్కరలేదు, దానిని పంచుకొనువారుండవలెను. ఈ చిత్రములలో కొంత పాత్రలు పంచుకొన్నవి, కొంత వాద్యములు పంచుకొన్నవి. మిగిలిన భాగము గ్రంథములోనే యున్నది. దానికొరకు పిల్లలను గ్రంథము వద్దకు నడిపించుట మన పని.